పాట పేరు నాలుక చివరే ఉంటుంది: నవ్వుల పాటల క్విజ్‌లు ఎందుకు పాతబడవు?

మా బళ్ళారి తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో సన్మానాలు మొదలయ్యేసరికి సగం హాలు ఖాళీ అవుతుంది. కార్యదర్శి నివేదిక చదివే సమయానికి మిగిలేది కమిటీ సభ్యులూ, వాళ్ళ ఇంటివాళ్ళూ. ఆ నివేదిక చదివేది నేనే కాబట్టి ఈ లెక్క నాకు బాగా తెలుసు. అయితే కొన్నేళ్ళుగా ఒక్క అంశానికి మాత్రం ఎవరూ లేవడం లేదు. భోజనాలు సిద్ధమని వంటవాళ్ళు కబురు పంపినా కదలడం లేదు. అదే మేము నడిపే పాటల క్విజ్.

వేరే ఊళ్ళ సంఘాల మిత్రులు కొందరు ఇది ఎలా చేస్తారు, ఎక్కడినుంచి తెచ్చారు అని అడుగుతున్నారు. అందుకే ఈ వ్యాసం. ఆట ఎలా ఆడాలో చెప్పే ముందు, ఇలాంటి కార్యక్రమాలు టీవీలో ఇన్ని దశాబ్దాలుగా ఎందుకు నిలిచాయో చెప్పాలి. అది అర్థం కాకుండా ఆట మాత్రమే అరువు తెచ్చుకుంటే పండదు.

మెల్‌బోర్న్‌లో చూసిన ఆట

ఉద్యోగ విరమణ తర్వాత మా అమ్మాయి దగ్గర కొన్ని నెలలు ఉందామని ఆస్ట్రేలియా వెళ్ళాం. ఒక రాత్రి భోజనాలయ్యాక మనవరాలు టీవీ పెట్టింది. ‘స్పిక్స్ అండ్ స్పెక్స్’ అని అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ కార్యక్రమం. రెండు బల్లలు, రెండు జట్లు, మధ్యలో నిర్వాహకుడు. ఇంకేమీ లేదు. అడిగేవన్నీ పాటల మీద ప్రశ్నలు. ఆ పాటల్లో నాకు ఒక్కటీ తెలియదు. అయినా అరగంటలో కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వాను. మా ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆమె నాకంటే ఎక్కువ నవ్వింది.

తెలియని భాషలో, తెలియని పాటల మీద పెట్టిన క్విజ్‌కు మేమెందుకు నవ్వాం? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఉన్నన్నాళ్ళూ దొరికినవన్నీ చూశాను. నలభై ఏళ్ళు ఫైళ్ళు చూసిన అలవాటు కదా, ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాను కూడా.

ఆ కార్యక్రమం 2005లో మొదలై 2011 దాకా నడిచింది. నిర్వాహకుడు ఆడమ్ హిల్స్ అనే హాస్య కళాకారుడు. జట్ల నాయకులు మిఫ్ వార్‌హర్స్ట్, అలన్ బ్రౌ. ఆపేశాక కూడా జనం మర్చిపోలేదు, ఆ సంస్థ మళ్ళీ మళ్ళీ తీసుకొచ్చింది. ఆ పేరు బీజీస్ బృందం 1966లో పాడిన ఒక పాట పేరు. ప్రతి జట్టులో నాయకుడితో పాటు ఇద్దరు అతిథులు ఉంటారు. సాధారణంగా ఒకరు సంగీతం తెలిసినవాళ్ళు, ఒకరు నవ్వించేవాళ్ళు. కిటుకంతా ఈ కలయికలోనే ఉంది. తెలిసినవాడు జవాబు కోసం వెతుక్కుంటుంటే, తెలియనివాడు ఆ ఖాళీని నవ్వుతో నింపుతాడు.

వాళ్ళ ఆటల్లో నాకు బాగా నచ్చింది ఒకటి ఉంది. ఒక సభ్యుడి చేతికి పాటతో ఏ సంబంధమూ లేని పుస్తకం ఇస్తారు. ఏదో యంత్రం వాడుక గురించో, ఆరోగ్య సూత్రాల గురించో అయివుంటుంది. అందులోని వాక్యాలను ఆ మనిషి ఒక ప్రసిద్ధ పాట బాణీలో పాడాలి. మాటలు వేరు, బాణీ మాత్రం అదే. జట్టువాళ్ళు బాణీని బట్టి పాటను పట్టుకోవాలి. పేరున్న గాయని ఒకావిడ ఎంతో ఆర్ద్రంగా గొంతెత్తి, పైపుల బిగింపు గురించి పాడుతుంటే నవ్వక చస్తామా? దానికి భాషతో పనే లేదు.

ఈ ఆటకు వయసు ఎంత?

టీవీలో పాటను గుర్తుపట్టే పోటీ కొత్తదేం కాదు. అమెరికాలో ‘నేమ్ దట్ ట్యూన్’ 1952లో రేడియోలో మొదలై, మరుసటి ఏడాదే టీవీకి వచ్చింది. బాణీ వినిపిస్తే పోటీదారులు పరుగెత్తి గంట కొట్టి పేరు చెప్పాలి. బ్రిటన్‌లో బీబీసీ 1967లో ‘ఫేస్ ది మ్యూజిక్’ పెట్టింది. అందులో జోసెఫ్ కూపర్ అనే పియానో విద్వాంసుడు శబ్దం రాని మెట్ల మీద వాయించేవారు. వేళ్ళ కదలికను చూసి ఏ సంగీతమో చెప్పాలి. విద్వాంసుల ఆటే అయినా, అందులోనూ చిలిపితనం ఉంది.

1996లో అదే బీబీసీలో ‘నెవర్ మైండ్ ది బజ్‌కాక్స్’ వచ్చింది. దీనితో తూకం హాస్యం వైపు మొగ్గింది. ఇందులో ఇద్దరు సభ్యులు ఒక పాట మొదట్లో వచ్చే వాద్య సంగీతాన్ని నోటితోనే వాయిస్తారు. డప్పు ఒకరు, గిటారు ఒకరు. మూడో మనిషి అది ఏ పాటో చెప్పాలి. బీబీసీ దీన్ని 2015 దాకా నడిపింది. 2021లో వేరే ఛానల్ మళ్ళీ మొదలుపెట్టింది.

మన దేశంలో ఈ కుటుంబానికి పెద్దకొడుకు జీ టీవీ ‘అంత్యాక్షరి’. 1993లో మొదలైంది. అన్నూ కపూర్ నిర్వాహకుడు. దీవానే, పర్వానే, మస్తానే అని మూడు జట్లు. కేబుల్ టీవీ అప్పుడప్పుడే వీధుల్లోకి వచ్చిన కాలం. బళ్ళారిలో మా వరసలో ఉన్న ఇళ్ళలో తెలుగువాళ్ళూ, కన్నడిగులూ, ఉర్దూ మాట్లాడేవాళ్ళూ ఉండేవాళ్ళం. ఆ కార్యక్రమం వేళకు అందరి కిటికీల్లోంచీ ఒకే పాట వినబడేది. శబ్దం తీసేసి బొమ్మ మాత్రం చూపి పాట అడిగితే, ఇంట్లో పిల్లలు టీవీలోవాళ్ళ కంటే ముందు అరిచేవాళ్ళు.

‘పాడుతా తీయగా’ను కూడా కొందరు ఈ లెక్కలో వేస్తారు. నా దృష్టిలో అది వేరు. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు మొదలుపెట్టిన ఆ కార్యక్రమం పాడగలిగేవాళ్ళ పోటీ. కన్నడంలో ఆయన నడిపిన ‘ఎదె తుంబి హాడువెను’ కూడా అంతే. అక్కడ మనం కూర్చుని వింటాం. పాటల క్విజ్‌లో కూర్చోలేం. గొంతు బాగాలేనివాడికి కూడా అందులో చోటుంది.

ఎందుకు నిలిచింది?

నేను రాసుకున్న పుస్తకంలో మూడు కారణాలు తేలాయి.

మొదటిది, పాట మనలో దాగే తీరు. పాఠం మర్చిపోతాం. పక్కింటాయన పేరు మర్చిపోతాం. కానీ బాగా విన్న పాటను పట్టుకోవడానికి ఒకటి రెండు సెకన్ల సంగీతం చాలు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళు కూడా, పిల్లల పేర్లు తడబడుతున్నా, చిన్నప్పటి పాటను అందుకుంటారు. పదిహేను నుంచి పాతికేళ్ళ వయసులో విన్న పాటలు మరీ గట్టిగా నిలుస్తాయి. అయితే బాణీ వచ్చినంత వేగంగా పేరు రాదు. నాలుక చివర ఆగిపోతుంది. ‘తెలుసు, తెలుసు, ఆగు!’ అనే ఆ రెండు క్షణాల అవస్థే ఈ ఆటకు ప్రాణం. టీవీ ముందు కూర్చున్నవాడికీ సరిగ్గా అదే అవస్థ కాబట్టి, వాడూ ఆటగాడే.

రెండోది, మార్కులకు విలువ లేకపోవడం. ఈ కార్యక్రమాల్లో ఎవరు గెలిచారో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. జవాబు తప్పయినా బాగా నవ్వించినందుకు నిర్వాహకుడు ఒక మార్కు పడేస్తాడు. ప్రశ్న ఒక సాకు మాత్రమే. ఆ సాకుతో నలుగురు కలిసి కూర్చోవాలి, ఒక పాత జ్ఞాపకం బయటికి రావాలి.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. తెలియకపోవడం ఇక్కడ సిగ్గుపడే విషయం కాదు. మామూలు క్విజ్‌లో తెలియనివాడు తల దించుకుంటాడు. ఇక్కడ తెలియనివాడు ఏదో ఒకటి కల్పించి చెబుతాడు, తన మీద తానే నవ్వుకుంటాడు, ఆటలోనే ఉంటాడు. తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే బల్ల దగ్గర చివరిదాకా కూర్చోగలిగే పోటీలు లోకంలో తక్కువ.

మన పెద్దలకు ఇది తెలుసు

ఇదంతా పడమటి దేశాలవాళ్ళు కనిపెట్టారని అనుకోనక్కర్లేదు. మన అష్టావధానం చూడండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది. అవధాని పద్యపాదాలు అల్లుకుంటూ ఉంటే, మధ్యలో ఒకాయన ‘అవధాని గారూ, మీ ఇంట్లో వంట మీరు చేస్తారా, అమ్మగారా?’ వంటి ప్రశ్నలతో అడ్డుపడుతుంటాడు. అదే అప్రస్తుత ప్రసంగం. ఛందస్సు తెలియని సామాన్యుడు సభలో చివరిదాకా కూర్చునేది చాలావరకు ఆ పృచ్ఛకుడి వల్లే. విద్యకు పక్కనే నవ్వుకు కూడా పీట వేయాలని మనవాళ్ళు ఎప్పుడో గ్రహించారు.

బుర్రకథలోనూ అంతే. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. ఎంత వీరగాథ అయినా, ఎంత విషాదం అయినా, హాస్యపు వంత ఒక మాట విసిరితే గాని కథ ముందుకు పోదు. అంత్యాక్షరి అయితే సినిమాలకంటే చాలా పాతది. చిన్నప్పుడు మేము బడిలో పద్యాలతో ఆడినవాళ్ళమే.

ఏ నవ్వు? ఎవరి మీద?

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. నవ్వు రెండు రకాలు. తెలియనివాడితో కలిసి నవ్వేది ఒకటి, తెలియనివాడి మీద నవ్వేది ఒకటి. బజ్‌కాక్స్ కార్యక్రమంలో ఈ గీత చాలాసార్లు చెరిగింది. 2007లో ఒక అతిథి గాయకుడి భార్య రాసిన పుస్తకంలోంచి నిర్వాహకుడు వాక్యాలు చదివి ఎగతాళి చేస్తుంటే, ఆయన ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయారు. ఒకప్పుడు పేరున్న గాయకుడిని నలుగురు అపరిచితుల మధ్య వరసలో నిలబెట్టి ‘వీళ్ళలో అసలు మనిషి ఎవరు?’ అని అడిగే ఆట కూడా అందులో ఉండేది. చూసేవాళ్ళకు వినోదమే. నిలబడ్డవాళ్ళ సంగతి వేరు.

ఈ గీత చెరిపినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

పాటల క్విజ్‌కు ముందు మా సంఘంలో ‘తెలుగు విజ్ఞాన పోటీ’ ఉండేది. ప్రశ్నలన్నీ నేనే టైపు చేసేవాణ్ణి. కవిత్రయం, శతకకర్తలు, ప్రబంధాలు. మా ఊళ్ళో తెలుగు పిల్లలు చదివేది కన్నడంలోనో ఇంగ్లీషులోనో. బళ్ళారి 1953 అక్టోబరు 1న అప్పటి మైసూరు రాష్ట్రంలో చేరింది. మా తరం ఇంట్లో తెలుగు చదవడం, రాయడం నేర్చుకుంది. తర్వాతి తరానికి మాట్లాడడం మిగిలింది. ఇప్పటి పిల్లలకు అదీ సగమే. అలాంటి పిల్లలను వేదిక ఎక్కించి నేను ప్రబంధాలు అడిగేవాణ్ణి.

ఒక ఏడు తొమ్మిదో తరగతి కుర్రాడిని ‘ఆముక్తమాల్యద ఎవరు రాశారు?’ అని అడిగాను. వాడు వెంటనే ‘కృష్ణదేవరాయ’ అన్నాడు. కన్నడంలో అలాగే అంటారు. నేను మైకు అందుకుని, ‘రాయలు అనాలి నాయనా! రాయ ఏమిటి, రప్ప ఏమిటి?’ అన్నాను. హాలంతా ఘొల్లుమంది. వాడు చెప్పిన జవాబు సరైనదే. పైగా 2021లో జిల్లా విడిపోయేదాకా హంపీ మా జిల్లాలోదే. వాడు పెరిగిన నేల మీద ఆ రాజును పిలిచే పేరుతోనే పిలిచాడు. మార్కు వేశాను గాని, వాడి ముఖం చూడలేదు.

తర్వాతి ఏడు వాడు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. సంతలో వాళ్ళమ్మ కనబడితే అడిగాను. ‘తెలుగు సంఘం అంటేనే రానంటాడు అన్నా. తనకు తెలుగు సరిగా రాదంట’ అంది. ఇంట్లో అమ్మతో రోజంతా తెలుగులోనే మాట్లాడే పిల్లవాడికి తెలుగు రాదని నమ్మకం కలిగించింది ఒక తెలుగు సంఘం కార్యదర్శి. భాషను కాపాడుతున్నామని మేము రిజిస్టరులో ఏటా రాసుకుంటున్నాం. ఆ ఏడు నేను ఒకరిని పోగొట్టిన సంగతి మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు.

మెల్‌బోర్న్‌లో ఆ కార్యక్రమం చూస్తుంటే నాకు గుర్తొచ్చింది ఆ కుర్రాడే.

మేము ఎలా ఆడుతున్నాం?

తిరిగి వచ్చాక కమిటీలో చెప్పాను. విజ్ఞాన పోటీ తీసేసి పాటల క్విజ్ పెట్టాం. మా పద్ధతి ఇది.

జట్టుకు నలుగురు. ఒకరు అరవై దాటినవాళ్ళు, ఒకరు నడివయసువాళ్ళు, ఒకరు పదిహేనేళ్ళ లోపు పిల్లలు, నాలుగో మనిషి ఇంట్లో తెలుగు కాని భాష మాట్లాడే పొరుగువాళ్ళు. ఒకే ఇంటివాళ్ళు ఒకే జట్టులో ఉండకూడదు.

మొదటి ఆట నోటి వాద్యం. పాట ముందు వచ్చే సంగీతాన్ని ఇద్దరు నోటితో వాయించాలి. పెద్దావిడ వీణ, మనవడి వయసు పిల్లవాడు డ్రమ్ము. మాటలు వద్దు కాబట్టి భాష భయం లేదు.

రెండోది మాటల మార్పిడి. గ్యాస్ బుక్కు వెనక రాసే జాగ్రత్తలో, బ్యాంకు పాసుపుస్తకం నిబంధనలో తీసుకుని పాత పాట బాణీలో పాడాలి. తెలుగు లిపి చదవలేని పిల్లలకు ఆ తెలుగు వాక్యాలనే కన్నడ లిపిలో రాసి ఇస్తాం. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. పక్కపక్కన పెట్టి చూపితే, కొందరు పిల్లలు తెలుగు అక్షరాలను తమంతట తామే కూడబలుక్కోవడం మొదలుపెట్టారు. ఇది మేము అనుకోని లాభం.

మూడోది ఒకే గొంతు, రెండు భాషలు. కన్నడంలో రాజ్‌కుమార్‌కు గొంతు ఇచ్చిన పి.బి. శ్రీనివాస్ కాకినాడలో పుట్టినవారు. ఎస్. జానకి మన గుంటూరు జిల్లా బిడ్డ. ‘భూకైలాస్’ 1958లో ఏవీఎం వాళ్ళు తెలుగులోనూ కన్నడంలోనూ తీశారు. రెండిటికీ సంగీతం సుదర్శనం, గోవర్ధనం గార్లదే. ఇలాంటివి వినిపించి, ఇది ఏ భాష పాట, రెండో భాషలో ఉందా అని అడుగుతాం. ఇక్కడ కన్నడ పొరుగింటివాళ్ళకు తెలిసింది మనకు తెలియదు, మన అవ్వలకు తెలిసింది వాళ్ళకు తెలియదు. రెండూ కలిస్తేనే మార్కు.

నాలుగోది మూగపాట. శబ్దం లేకుండా బొమ్మ చూపి అడగడం. అంత్యాక్షరి నాటి ఆటే.

నిబంధనలు రెండే. మైకులో ఎవరూ ఎవరి ఉచ్చారణనూ దిద్దకూడదు. కార్యదర్శి చేతికి మైకు ఇవ్వకూడదు. రెండోది నా ప్రతిపాదనే, ఏకగ్రీవంగా ఆమోదించారు. అంత ఏకగ్రీవం నేను ఊహించలేదు.

ఖర్చు అంటారా? ఒక ఫోను, ఒక స్పీకరు, జట్టుకో స్టీలు పళ్ళెం, గరిట. గరిటతో పళ్ళెం కొడితే అదే బజరు.

ఇతర ప్రాంతాలవాళ్ళు మూడో ఆటను తమ నేలకు తగ్గట్టు మార్చుకోవచ్చు. హోసూరు, చెన్నై, కోయంబత్తూరు మిత్రులకు ‘దేవదాసు’ ఉంది. 1953లో రెండు భాషల్లోనూ వచ్చింది, రెండిటిలోనూ ఘంటసాల పాడారు. 1955 నాటి ‘మిస్సమ్మ’ తమిళంలోనూ ఉంది. సోలాపురం, ముంబయి వాళ్ళకు ‘సువర్ణసుందరి’ ఉంది. ఆదినారాయణరావు గారి సంగీతంతో హిందీలోనూ మోగింది. బరంపురం వాళ్ళకు జానకి గారు ఒడియాలో పాడిన పాటలున్నాయి.

దీనివల్ల తెలుగు వస్తుందా?

కమిటీలో ఒక పెద్దాయన ఈ ప్రశ్న అడిగారు. నిజాయితీగా చెప్పాలి. పాటల క్విజ్ వల్ల ఎవరికీ ఆముక్తమాల్యద రాదు. అక్షరాలు కూడా దీనికోసం విడిగా నేర్పాల్సిందే. ఆదివారం తరగతి మానేసి ఇది పెట్టుకుంటే చాలనుకోవద్దు.

అయితే మొన్నటి ఉగాదికి ఒక సంగతి చూశాను. ఆట అయిపోయాక భోజనాల వరసలో ఒక చిన్నపిల్ల, తన జట్టులో ఆడిన అవ్వను పట్టుకుని ‘నెలరాజు అంటే ఏమవ్వా?’ అని అడిగింది. అవ్వ చెప్పింది. ‘మరి చంద్రుడు అంటే పోయేది కదా?’ అంది పిల్ల. ఇద్దరూ అన్నం చల్లారేదాకా వాదించుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక ఇంటివాళ్ళు కారు, ఆ రోజుకు ముందు ముఖపరిచయం లేదు. నా విజ్ఞాన పోటీ నడిచిన ఏళ్ళలో ఒక్క పిల్ల కూడా పోటీ అయ్యాక ఒక్క మాటకు అర్థం అడగలేదు.

ఆ కుర్రాడి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. రెండేళ్ళుగా ఉగాదికి వచ్చి స్పీకర్లు చూసుకుంటున్నాడు. పాటల ముక్కలు కోసి ఫోనులో వరసగా పెట్టేది వాడే. పోయిన ఏడు వాడి దగ్గరికి వెళ్ళి, ఆనాడు నేను అన్న మాట తప్పని చెప్పాను. ‘అయ్యో, వదిలేయండి అంకుల్’ అన్నాడు, ముఖం తిప్పుకుని వైర్లు సర్దుకున్నాడు. వేదిక మీదికి మాత్రం ఇంకా రాలేదు. నేను రమ్మని అడగలేదు. వాడికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు పళ్ళెం, గరిట సిద్ధంగా ఉంటాయి.